రోగనిరోధక కణాలలో ఆక్సీకరణ గాయం, డీఎన్‌ఏ మరమ్మతు: పాడి పశువు ఆరోగ్యానికి వాటి సంబంధం

జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ 2010లో ఏర్పడిన తరువాత తొలి సంవత్సరాలలో హైదరాబాదు పడమటి అంచున ఉన్న మియాపూర్‌లో, ఒక భవనంలోని అంతస్తులలో పనిచేసింది. అనంతరం గచ్చిబౌలిలోని సొంత ప్రాంగణానికి తరలింది. సమాచార సాంకేతిక రంగానికి పేరుపొందిన ఈ ప్రాంతంలో ఆవు, గేదె, గొర్రెల రక్తకణాలపై పరిశోధన జరుగుతున్న విషయం చాలామందికి తెలియదు. థైలేరియాసిస్, బ్రుసెల్లోసిస్, పొదుగువాపు వంటి వ్యాధులలో పశువు తెల్లరక్తకణానికీ, దానిపై దాడి చేసే సూక్ష్మజీవికీ మధ్య జరిగే పోరే ఇటువంటి సంస్థల ప్రధాన అధ్యయన వస్తువు. ఆ పోరులో తెల్లరక్తకణం తన డీఎన్‌ఏకు తగిలిన గాయాన్ని ఎంత త్వరగా, ఎంత నిర్దుష్టంగా సరిచేసుకోగలదన్నది గత రెండు దశాబ్దాలలో ముఖ్యమైన పరిశోధనాంశంగా రూపుదిద్దుకుంది.

ఈ అంశం ప్రయోగశాలకే పరిమితమైనది కాదు. చూడి పశువుకు విటమిన్ ఇ, సెలీనియం ఎంత ఇవ్వాలి, బూజుపట్టిన చెక్కను దాణాలో ఎందుకు కలపకూడదు, టీకా వేసినా కొన్ని పశువులలో రక్షణ ఎందుకు తక్కువగా కనిపిస్తుంది అనే క్షేత్రస్థాయి ప్రశ్నల వెనుక ఇదే జీవరసాయన క్రియ ఉంది. 'ఆక్సీకరణ చెడ్డది, దానిని అణచే మందు మంచిది' అన్న సులువైన సూత్రం రైతులకు ప్రచార పత్రాల ద్వారా విరివిగా చేరుతున్నది. ఆ సూత్రం సగమే నిజమని, మిగిలిన సగాన్ని విస్మరిస్తే పశువుకు హాని జరిగే అవకాశం ఉందని పరిశోధనా ఫలితాలు సూచిస్తున్నాయి.

ఆక్సీకరణ గాయం అంటే ఏమిటి?

శ్వాసక్రియలో భాగంగా ప్రతి జీవకణంలోనూ సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్, హైడ్రాక్సిల్ రాడికల్ వంటి చురుకైన ఆక్సిజన్ రూపాలు ఎల్లవేళలా పుడుతూనే ఉంటాయి. ఇవి కొవ్వులను, మాంసకృత్తులను, డీఎన్‌ఏను తాకి రసాయనికంగా మార్చివేస్తాయి. డీఎన్‌ఏలోని నాలుగు క్షారాలలో గ్వానీన్ అన్నిటికంటే తేలికగా ఆక్సీకరణం చెందుతుంది. అలా మారినప్పుడు ఏర్పడే పదార్థాలలో 8-ఆక్సోగ్వానీన్ ముఖ్యమైనది.

మామూలుగా గ్వానీన్ సైటోసిన్‌తో జతకడుతుంది. 8-ఆక్సోగ్వానీన్‌కు మాత్రం అడినీన్‌తోనూ జతకట్టే గుణం ఉంది. కణం విభజన చెందే వేళ ఈ తప్పు జత ఏర్పడి, సరిదిద్దకుండా మిగిలితే, తరువాతి తరంలో గ్వానీన్ ఉండవలసిన చోట థైమిన్ స్థిరపడిపోతుంది. అంటే, క్షణకాలం కలిగిన రసాయన గాయం శాశ్వతమైన ఉత్పరివర్తనంగా మారుతుంది. వేగంగా విభజన చెందే లింఫోసైట్ల వంటి కణాలకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

మరమ్మతు జరిగే తీరు

ఈ గాయాన్ని కణం ప్రధానంగా 'క్షార తొలగింపు మరమ్మతు' అనే విధానం ద్వారా సరిచేస్తుంది. స్వీడన్‌కు చెందిన తోమస్ లిండాల్ 1974లో డీఎన్‌ఏలోకి చేరిన యురాసిల్‌ను తొలగించే ఎంజైమ్‌ను గుర్తించడంతో ఈ విధానపు అవగాహనకు పునాది పడింది. డీఎన్‌ఏ మరమ్మతు పరిశోధనలకు గాను లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్‌లకు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

ఈ విధానంలో పని వరుసక్రమంలో సాగుతుంది. మొదట ఓజీజీ1 అనే గ్లైకోసిలేజ్ ఎంజైమ్ డీఎన్‌ఏ వెంట కదులుతూ 8-ఆక్సోగ్వానీన్‌ను పసిగట్టి, ఆ ఒక్క క్షారాన్ని తుంచివేస్తుంది. ఖాళీ అయిన చోట ఏపీఈ1 అనే ఎంజైమ్ డీఎన్‌ఏ పోగును తెంచుతుంది. ఆ తెగిన చోటును పార్ప్-1 గుర్తించగా, ఎక్స్‌ఆర్‌సీసీ1 అనే మాంసకృత్తి మిగిలిన పనివారిని అక్కడకు చేరుస్తుంది. పాలిమరేజ్ బీటా సరైన క్షారాన్ని చేర్చుతుంది. చివరగా లైగేజ్-3 పోగును అతికిస్తుంది. ఒకవేళ అప్పటికే 8-ఆక్సోగ్వానీన్ ఎదుట అడినీన్ వచ్చి చేరినట్లయితే, దానిని తొలగించే పని ఎంయూటీవైహెచ్ అనే మరో ఎంజైమ్‌ది. డీఎన్‌ఏలో చేరకముందే ఆక్సీకరణం చెందిన గ్వానీన్ నిల్వలను శుద్ధి చేసే బాధ్యతను ఎంటీహెచ్1 వహిస్తుంది.

ఇక్కడ ఒక విషయం గమనించదగినది. గాయపడిన క్షారాన్ని తుంచిన తరువాత పోగు కొంతసేపు తెగి ఉంటుంది. మొదటి ఎంజైములు చురుకుగా ఉండి చివరి ఎంజైములు కొరవడితే, మరమ్మతు ప్రయత్నమే తెగిన పోగులను పోగుచేస్తుంది. మరమ్మతు అన్నది ఉందా, లేదా అని కాక, దాని దశలన్నీ సమతూకంలో ఉన్నాయా అని చూడాలి.

ఆయుధం పట్టిన కణానికే గాయం

రోగనిరోధక కణాలకు ఇతర కణాలకు లేని ఒక ప్రత్యేక పరిస్థితి ఉంది. మిగిలిన కణాలలో చురుకైన ఆక్సిజన్ రూపాలు శ్వాసక్రియ వెంట అనివార్యంగా పుడతాయి. న్యూట్రోఫిల్, మాక్రోఫేజ్ కణాలు వాటిని కావాలని, ఆయుధంగా తయారుచేస్తాయి. బ్యాక్టీరియాను మింగిన న్యూట్రోఫిల్‌లో ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ సముదాయం ఒక్కసారిగా చైతన్యవంతమై పెద్ద మొత్తంలో సూపరాక్సైడ్‌ను వెలువరిస్తుంది. దాని నుండి హైడ్రోజన్ పెరాక్సైడ్, ఆపై మైలోపెరాక్సిడేజ్ చర్యతో హైపోక్లోరస్ ఆమ్లం ఏర్పడి సూక్ష్మజీవిని చంపుతాయి. పొదుగులోకి ప్రవేశించిన సూక్ష్మజీవిని తొలిదశలో అడ్డుకునే ప్రధాన విధానం ఇదే.

న్యూట్రోఫిల్ రక్తంలో ఉండేది కొద్ది గంటలే. అది పోరాడి చనిపోయే కణం కాబట్టి, దానిలో దీర్ఘకాలిక ఉత్పరివర్తనాల బెడద తక్కువ. మోనోసైట్ల కథ వేరు. ఇవి రక్తం నుండి కణజాలంలోకి చేరి మాక్రోఫేజ్‌లుగానో, డెండ్రిటిక్ కణాలుగానో మారి ఎక్కువ కాలం పనిచేస్తాయి. జర్మనీలోని మైంజ్ విశ్వవిద్యాలయానికి చెందిన బెర్న్‌డ్ కైనా బృందం 2011లో మనిషి మోనోసైట్లపై ఒక ఆసక్తికరమైన ఫలితాన్ని ప్రకటించింది. మోనోసైట్లలో ఎక్స్‌ఆర్‌సీసీ1, లైగేజ్-3, పార్ప్-1 మాంసకృత్తులు దాదాపు కనిపించవు. రెండు పోగులు తెగినప్పుడు అతికించే విధానంలోని డీఎన్‌ఏ-పీకే ఎంజైమ్ కూడా వీటిలో కొరవడుతుంది. ఫలితంగా, ఆక్సీకరణకు గురైనప్పుడు వీటి డీఎన్‌ఏలో తెగిన పోగులు పేరుకుని కణాలు చనిపోతాయి. ఇవే మోనోసైట్లు మాక్రోఫేజ్‌లుగా, డెండ్రిటిక్ కణాలుగా మారినప్పుడు ఆ మాంసకృత్తులన్నీ తిరిగి తయారై, కణం ఆక్సీకరణను తట్టుకోగలుగుతుంది.

ఇది లోపంలా కనిపించినా, దీని వెనుక ఒక ప్రయోజనం ఉండవచ్చునని ఆ శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. వాపు తీవ్రమైన చోట మాక్రోఫేజ్‌లు వెలువరించే చురుకైన ఆక్సిజన్ రూపాలు, కొత్తగా వచ్చి చేరే మోనోసైట్లను కొంతమేర చంపివేస్తాయి. తద్వారా మాక్రోఫేజ్‌ల సంఖ్య హద్దు మీరకుండా, వాపు దానికదే అదుపులో ఉంటుంది. అంటే మరమ్మతు సామర్థ్యాన్ని కొంత దశలో తగ్గించి ఉంచడం కూడా శరీర నియంత్రణ విధానాలలో ఒకటి కావచ్చు. ఈ ఫలితం మనిషి కణాలకు సంబంధించినది. ఆవు, గేదె మోనోసైట్లలో ఇదే పరిస్థితి ఉన్నదేమో నేరుగా పరీక్షించడం పశువైద్య విద్యార్థుల స్నాతకోత్తర పరిశోధనకు అనువైన అంశం.

మరమ్మతు చేసే ఎంజైమే సంకేతం

ఓజీజీ1 ఎంజైమ్ లేకుండా పెంచిన ఎలుకలు మరింత జబ్బుపడతాయని ఎవరైనా ఊహిస్తారు. 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో ఫలితం అందుకు భిన్నంగా వచ్చింది. బ్యాక్టీరియా విషపదార్థమైన ఎండోటాక్సిన్ ఇచ్చినప్పుడు, ఓజీజీ1 లేని ఎలుకలలో వాపు, అవయవాల దెబ్బ మామూలు ఎలుకలలో కంటే తక్కువగా ఉన్నాయి. దీనికి కారణాన్ని అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయ వైద్య విభాగంలో ఇస్త్వాన్ బోల్డోగ్ బృందం తదితరులు క్రమంగా వెలికితీశారు. వాపును రగిలించే జన్యువుల ఆరంభ భాగాలలో గ్వానీన్ అధికంగా ఉంటుంది. ఆక్సీకరణం జరిగినప్పుడు అక్కడ 8-ఆక్సోగ్వానీన్ ఏర్పడుతుంది. ఓజీజీ1 అక్కడ చేరి డీఎన్‌ఏను వంచడం వలన, ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే జన్యు నియంత్రకం ఆ చోట తేలికగా అతుక్కుంటుంది. వెంటనే వాపు సంకేతాలను తయారుచేసే జన్యువులు పనిచేయడం మొదలుపెడతాయి, న్యూట్రోఫిల్‌లు ఆ చోటికి పరుగులు తీస్తాయి.

2018లో స్వీడన్ కరోలిన్స్కా సంస్థకు చెందిన తోమస్ హెల్లెడే బృందం టీహెచ్5487 అనే చిన్న అణువుతో ఓజీజీ1 డీఎన్‌ఏపై అతుక్కోకుండా అడ్డుకున్నారు. ఎలుకల ఊపిరితిత్తులలో వాపు జన్యువుల చర్య, న్యూట్రోఫిల్‌ల చేరిక తగ్గాయి. దీనితో ఓజీజీ1కు రెండు పాత్రలున్నట్లు స్పష్టమైంది. ఒకటి, గాయాన్ని సరిచేయడం. రెండు, గాయం తగిలిన సమాచారాన్ని రోగనిరోధక వ్యవస్థకు చేరవేయడం. ఏపీఈ1 ఎంజైమ్‌కు కూడా క్షార మరమ్మతుతోపాటు, కొన్ని జన్యు నియంత్రకాలను ఉత్తేజపరిచే గుణం ఉంది.

విస్తరణ శాస్త్రవేత్తకు దీని సారాంశం ఇది. కొంత ఆక్సీకరణం, దానికి స్పందించే మరమ్మతు వ్యవస్థ రెండూ కలిస్తేనే వాపు సంకేతం సకాలంలో పుడుతుంది. ఆ సంకేతం పూర్తిగా అణగిపోతే సూక్ష్మజీవికి అడ్డు ఉండదు. అది హద్దు మీరితే పొదుగు కణజాలమే దెబ్బతింటుంది.

మైటోకాండ్రియా డీఎన్‌ఏ: లోపలి నుండి వచ్చే హెచ్చరిక

కణంలోని మైటోకాండ్రియాకు సొంత డీఎన్‌ఏ ఉంటుంది. ఆక్సిజన్ రూపాలు పుట్టే చోటికి అతి సమీపంలో ఉండడం వలన దీనికి ఆక్సీకరణ గాయాలు ఎక్కువ. జర్మనీలోని బాన్ పరిశోధకులు 2013లో వెల్లడించిన ప్రకారం, ఆక్సీకరణం చెందిన డీఎన్‌ఏను కణద్రవంలోని ట్రెక్స్1 అనే ఎంజైమ్ తేలికగా ముక్కలు చేయలేదు. కణద్రవంలోకి చేరిన అటువంటి డీఎన్‌ఏ చాలాసేపు నిలిచి, వైరస్ దాడి జరిగినప్పుడు మోగే సీజీఏఎస్-స్టింగ్ అనే హెచ్చరిక వ్యవస్థను మేల్కొలుపుతుంది.

2022లో అమెరికాలోని శాన్‌డియాగోలో మైకేల్ కారిన్ బృందం మరో మెట్టు చేర్చింది. మాక్రోఫేజ్ మైటోకాండ్రియాలో ఆక్సీకరణం చెందిన డీఎన్‌ఏకు రెండు దారులున్నాయి. ఓజీజీ1 దానిని సరిచేస్తే విషయం అక్కడితో ముగుస్తుంది. అలా జరగనిపక్షంలో ఫెన్1 అనే ఎంజైమ్ దానిని సుమారు 500 నుండి 650 క్షారజతల ముక్కలుగా కోస్తుంది. ఆ ముక్కలు మైటోకాండ్రియా పొరలోని రంధ్రాల గుండా బయటకు వచ్చి ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే వాపు యంత్రాంగాన్ని ప్రేరేపిస్తాయి. కేంద్రకంలో ఓజీజీ1 వాపుకు తోడ్పడుతుండగా, మైటోకాండ్రియాలో అదే ఎంజైమ్ వాపును తగ్గిస్తున్నదన్నమాట. ఒకే ఎంజైమ్ కణంలోని చోటును బట్టి భిన్నంగా ప్రవర్తిస్తున్నప్పుడు, మొత్తం శరీరానికి ఒకే మందు, ఒకే మోతాదు అన్న ఆలోచన ఎంత జాగ్రత్తగా చేయాలో ఊహించవచ్చు.

ప్రతిరక్షకాల తయారీలో మరమ్మతు వ్యవస్థ

గాలికుంటు, గొంతువాపు వంటి వ్యాధులకు టీకా వేసినప్పుడు బి-లింఫోసైట్లు మొదట ఐజీఎం రకం ప్రతిరక్షకాలను, పిదప ఐజీజీ వంటి బలమైన రకాలను తయారుచేస్తాయి. ఈ మార్పు జరగాలంటే బి-కణం తన ప్రతిరక్షక జన్యువును తానే కోసుకుని తిరిగి అతికించుకోవాలి. జపాన్‌కు చెందిన తసుకు హోంజో బృందం 1999లో గుర్తించిన ఏఐడీ అనే ఎంజైమ్ సైటోసిన్‌ను యురాసిల్‌గా మారుస్తుంది. లిండాల్ గుర్తించిన కోవకు చెందిన యురాసిల్ గ్లైకోసిలేజ్ ఆ యురాసిల్‌ను తొలగిస్తుంది. ఆ చోట పోగు తెగి, జన్యువు ఒక భాగం నుండి మరో భాగానికి అతుక్కుంటుంది. ఇది ఆక్సీకరణ గాయం కాదు. అయితే దానిని సరిచేసే క్షార తొలగింపు విధానాన్నే బి-కణం ఇక్కడ తన అవసరానికి మలచుకుంటున్నది. ఈ గ్లైకోసిలేజ్ లోపించిన మనుషులలో ఐజీఎం అధికమై, ఐజీజీ తక్కువగా ఉండి, తరచు అంటువ్యాధులు సోకుతాయని 2003లో తేలింది.

కోళ్ళలో ప్రతిరక్షకాల వైవిధ్యం ఫాబ్రీషియస్ బర్సా అనే అవయవంలో రూపొందుతుంది. బి-కణాలకు ఆ అక్షరం రావడానికి కారణం బర్సాయే. దానికి ప్రతిరక్షకాల తయారీతో ఉన్న సంబంధాన్ని 1956లో అమెరికాలోని ఒహాయోలో పౌల్ట్రీ పరిశోధకులు ప్రచురించారు. బర్సాలో జరిగే జన్యు మార్పిడికి కూడా ఏఐడీ, డీఎన్‌ఏ మరమ్మతు విధానాలే ఆధారం. ప్రపంచవ్యాప్తంగా డీఎన్‌ఏ మరమ్మతు ప్రయోగశాలలలో విరివిగా వాడే డీటీ40 కణాలు కోడి బి-కణాల నుండి వచ్చినవే.

మరమ్మతు విఫలమైతే ఏమవుతుందో చెప్పడానికి పశువైద్యంలోనే స్పష్టమైన ఉదాహరణ ఉంది. అరబ్బీ జాతి గుర్రపు పిల్లలలో పుట్టుకతోనే బి, టి లింఫోసైట్లు లేని వ్యాధిని 1973లో వర్ణించారు. డీఎన్‌ఏ-పీకే ఎంజైమ్ జన్యువులో ఐదు క్షారాలు లోపించడమే దీనికి కారణమని 1997లో తెలిసింది. లింఫోసైట్లు తమ గ్రాహక జన్యువులను కోసి కూర్చుకునేటప్పుడు తెగిన రెండు పోగులను అతికించే ఎంజైమ్ ఇది. అది లేనందున లింఫోసైట్లు ఏర్పడవు. తల్లి ద్వారా వచ్చిన ప్రతిరక్షకాలు తరిగిపోగానే అంటువ్యాధులు సోకి పిల్ల కొద్ది నెలలలోనే చనిపోతుంది. ఒక్క లోపభూయిష్ట ప్రతి మాత్రమే ఉన్న గుర్రాలు ఆరోగ్యంగానే ఉంటాయి. కనుక జన్యు పరీక్ష చేసి, అటువంటి రెండింటిని జతకట్టించకపోతే వ్యాధిని పూర్తిగా నివారించవచ్చు.

పరాన్నజీవి చేతిలో చిక్కిన కణం

తెలుగు రాష్ట్రాలలో సంకరజాతి ఆవులకు ప్రాణాంతకమైన వ్యాధులలో థైలేరియాసిస్ ఒకటి. పిడుదుల ద్వారా వ్యాపించే థైలేరియా అనులాటా అనే పరాన్నజీవి మాక్రోఫేజ్, బి-కణాలలో ప్రవేశించి వాటిని కేన్సర్ కణాల మాదిరిగా అదుపులేకుండా విభజన చెందేలా చేస్తుంది. బుపార్వాక్వోన్ ఇచ్చి పరాన్నజీవిని చంపితే ఆ విభజన ఆగిపోతుంది. పరాన్నజీవి సోకిన తెల్లరక్తకణంలో ఆక్సీకరణ ఒత్తిడి పెరుగుతుందని, ఆ ఒత్తిడి, దానివలన చైతన్యవంతమయ్యే హెచ్‌ఐఎఫ్-1 ఆల్ఫా అనే నియంత్రకం లేకుంటే కణం కేన్సర్ స్వభావాన్ని సంతరించుకోలేదని 2014లో ఫ్రాన్స్ పరిశోధకులు చూపారు. ఆక్సీకరణ ఒత్తిడిలో ఉంటూనే వేగంగా విభజన చెందవలసిన కణం, డీఎన్‌ఏ మరమ్మతు వ్యవస్థపై ఎక్కువగా ఆధారపడవలసి వస్తుందన్నది సహజమైన తర్కం. అందువలన మరమ్మతు ఎంజైములను చికిత్సకు లక్ష్యంగా చూసే ఆలోచన ఈ వ్యాధిలో ప్రాధాన్యం సంతరించుకుంటున్నది.

హైదరాబాదు ఈ వ్యాధి నివారణలో ముందునుంచీ ఉంది. ప్రయోగశాలలో పలుమార్లు పెంచి బలహీనపరచిన, పరాన్నజీవి సోకిన కణాలతో తయారయ్యే రక్షావ్యాక్-టి టీకా ఇక్కడి ఇండియన్ ఇమ్యునాలజికల్స్ సంస్థ నుండి వెలువడింది. రక్తనమూనాలో పరాన్నజీవి స్థాయిని అంచనా వేసే రియల్‌టైమ్ పీసీఆర్ పద్ధతిని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు 2018లో ప్రచురించారు.

ఈతకు ముందు, తరువాత మూడు వారాలు

పాడి పశువు జీవితంలో ఆక్సీకరణ ఒత్తిడి పతాకస్థాయికి చేరేది ఈతకు ముందు మూడు వారాలు, ఈనిన తరువాత మూడు వారాల కాలంలో. పాల ఉత్పత్తి ఒక్కసారిగా మొదలై శరీరపు కొవ్వు కరుగుతుంది, మేత తినడం తగ్గుతుంది, కాలేయంపై భారం పెరుగుతుంది. ఇదే సమయంలో న్యూట్రోఫిల్‌ల చురుకుదనం మందగిస్తుంది. మాయ పడని ఆవులలో ఈతకు ముందునుండే న్యూట్రోఫిల్‌ల పనితనం తక్కువగా ఉంటున్నదని 2002లో అమెరికా పరిశోధకులు గుర్తించారు. అంటే వ్యాధి ఈనిన తరువాత కనిపించినా, దాని మూలం అంతకు ముందే పడి ఉంటుంది.

సెలీనియం గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ ఎంజైమ్‌లో భాగంగా హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నిర్వీర్యం చేస్తుంది. విటమిన్ ఇ కణపొరలోని కొవ్వులను కాపాడుతుంది. రాగి, జింక్, మాంగనీస్ సూపరాక్సైడ్ డిస్‌మ్యూటేజ్ ఎంజైములకు అవసరం. ఇవి గాయం కలగకుండా ఆపుతాయే తప్ప కలిగిన గాయాన్ని అతికించవు. అయినప్పటికీ గాయాల సంఖ్య తగ్గితే మరమ్మతు వ్యవస్థపై భారం తగ్గుతుంది. 1984లో ఒహాయోలో జరిగిన ప్రయోగంలో వట్టి కాలంలో ఇచ్చిన విటమిన్ ఇ ఈనిన తరువాత పొదుగువాపును తగ్గించింది. విటమిన్ ఇ, సెలీనియం రెండూ ఇచ్చినప్పుడు వ్యాధి కొనసాగిన కాలం మరింత తగ్గింది. ఆ ప్రాంతంలోని మేతలో సెలీనియం కొరత ఉన్నదని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఇందుకు విరుద్ధమైన ఫలితం 2010లో నెదర్లాండ్స్ నుండి వచ్చింది. రైతుల మందలలో, ఎవరికి ఏది ఇస్తున్నదీ ఇరుపక్షాలకూ తెలియని పద్ధతిలో జరిపిన పరీక్షలో, వట్టి కాలంలో రోజుకు 3000 అంతర్జాతీయ యూనిట్ల విటమిన్ ఇ పొందిన ఆవులలో, 135 యూనిట్లు పొందిన ఆవుల కంటే పొదుగువాపు ఎక్కువైంది. పాలు ఎండగట్టే సమయానికే రక్తంలో తగినంత విటమిన్ ఇ ఉన్న ఆవులకు ఈ ముప్పు అధికమని ఆ పరిశోధకులు విశ్లేషించారు. రెండు ఫలితాలూ కలిపి చూస్తే అర్థం స్పష్టం. కొరత ఉన్నచోట భర్తీ చేస్తే మేలు. కొరత లేనిచోట అధికంగా పోస్తే, న్యూట్రోఫిల్ ఆయుధానికీ, ఆక్సీకరణపై ఆధారపడే సంకేతాలకూ ఉన్న సున్నితమైన తూకం చెడవచ్చు. పంజాబ్‌లోని కొన్ని ప్రాంతాల నేలల్లో సెలీనియం మితిమీరి పశువులకు విషమైన ఉదాహరణ మన దేశంలోనే ఉంది.

వేసవి వేడి ఈ ఒత్తిడికి తోడవుతుంది. వట్టి కాలంలో ఆవులను చల్లగా ఉంచితే ఈనిన తరువాత రోగనిరోధక కణాల పనితనం మెరుగుపడుతుందని ఫ్లోరిడా విశ్వవిద్యాలయ ప్రయోగాలు చూపాయి. నల్లని చర్మం, తక్కువ స్వేదగ్రంథులు ఉన్న గేదెలకు నీడ, నీటి వసతి మరింత అవసరం.

బూజుపట్టిన దాణా

1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోయినప్పుడు, బూజుపట్టిన వేరుశనగ చెక్కలోని అఫ్లటాక్సిన్ దానికి కారణమని తేలింది. అఫ్లటాక్సిన్ బి1 కాలేయంలో ఎపాక్సైడ్ రూపానికి మారి నేరుగా గ్వానీన్‌కు అతుక్కుంటుంది. దీనికితోడు ఆక్సీకరణ ఒత్తిడిని పెంచి 8-ఆక్సోగ్వానీన్ గాయాలకు దారితీస్తుంది. ఒకే క్షారంపై రెండు వైపుల నుండి దాడి జరుగుతుందన్నమాట. కోళ్ళలో బర్సా, థైమస్ అవయవాలు కుంచించుకుపోయి, టీకాల వలన పుట్టవలసిన ప్రతిరక్షకాలు తగ్గుతాయి. టీకా నాణ్యతను శంకించే ముందు దాణా నాణ్యతను పరీక్షించవలసిన అవసరం ఇందుకే.

పాడి పశువులో ఈ విషం ఎం1 రూపంలో పాలలోకి చేరుతుంది. పాలలో దీని పరిమితిని మన దేశంలో కిలోకు 0.5 మైక్రోగ్రాములుగా నిర్ణయించారు. మియాపూర్ మీదుగా సాగే ముంబయి రహదారిపైనే ఉన్న పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ అఫ్లటాక్సిన్‌ను తక్కువ ఖర్చుతో గుర్తించే ఎలీసా పరీక్షలను రూపొందించింది.

కొలిచేటప్పుడు పాటించవలసిన మెళకువలు

తెల్లరక్తకణాలలో డీఎన్‌ఏ గాయాన్ని కొలవడానికి కామెట్ పరీక్ష సులువైనది. 1988లో క్షార మాధ్యమంలో చేసే పద్ధతి వచ్చాక ఇది విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. దెబ్బతిన్న డీఎన్‌ఏ విద్యుత్ క్షేత్రంలో తోకచుక్క ఆకారంలో సాగుతుంది. ఎఫ్‌పీజీ అనే బ్యాక్టీరియా ఎంజైమ్‌ను చేర్చితే ఆక్సీకరణ గాయాలను ప్రత్యేకంగా గుర్తించవచ్చు. విద్యార్థులు ఈ క్రింది అంశాలను దృష్టిలో ఉంచుకోవాలి.

1. నమూనాను శుద్ధి చేసేటప్పుడు గాలి తగిలి కొత్తగా ఆక్సీకరణం జరగవచ్చు. ఐరోపా ప్రయోగశాలలు ఒకే రకం నమూనాలను పరీక్షించినప్పుడు ఫలితాలు ఎంతో భిన్నంగా రావడానికి ఇది ముఖ్య కారణం. రక్తాన్ని చల్లగా, వెలుతురు తగలకుండా ఉంచి త్వరగా పరీక్షించాలి.

2. ఈత సమయంలో రక్తంలో న్యూట్రోఫిల్, లింఫోసైట్ల నిష్పత్తి మారుతుంది. అన్ని కణాలనూ కలిపి సగటు తీస్తే, గాయం పెరిగినదో, కణాల కూర్పు మారినదో చెప్పలేము. మోనోసైట్, లింఫోసైట్, న్యూట్రోఫిల్‌లను వేరుచేసి కొలవడం మేలు.

3. ఒక్కసారి కొలిచిన విలువ, గాయాలు ఎక్కువ కావడం వలన వచ్చినదో, మరమ్మతు మందగించడం వలన వచ్చినదో తెలియజేయదు. కణాలకు నిర్ణీత మోతాదులో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఇచ్చి, కొంత వ్యవధి తరువాత ఎంత గాయం మిగిలిందో మళ్ళీ మళ్ళీ కొలిస్తే మరమ్మతు వేగం తెలుస్తుంది.

విస్తరణ కార్యకర్తలకు సూచనలు

పై విషయాల నుండి రైతుకు చేరవలసిన సందేశం క్లుప్తమైనది. పచ్చిమేతలో విటమిన్ ఇ సమృద్ధిగా ఉంటుంది. మేతను ఎండబెట్టి నిల్వ ఉంచేకొద్దీ అది తగ్గుతుంది. వేసవిలో కేవలం వరిగడ్డిపై ఆధారపడే చూడి పశువులలో కొరతకు అవకాశం ఎక్కువ. అటువంటి చోట పచ్చిమేత, సిఫారసు చేసిన ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వడం తొలి మార్గం. విటమిన్ ఇ, సెలీనియం సూదిమందులను పశువైద్యాధికారి సలహాపై, కొరత ఉన్నదని భావించినప్పుడు, నిర్ణీత మోతాదులోనే వాడాలి. పచ్చిమేత పుష్కలంగా తింటూ, సమీకృత దాణా పొందుతున్న పశువుకు అదనంగా మరో రెండు మూడు రకాల 'శక్తి' ద్రావణాలు పట్టించడం ఖర్చుతో పాటు ముప్పును కూడా పెంచుతుంది. బూజు వాసన ఉన్న చెక్కను, తడిసిన మొక్కజొన్నను దాణాలో కలపరాదు. పిడుదుల నివారణ, వేసవిలో నీడ, చల్లని నీరు, ఈత సమయంలో పరిశుభ్రత వంటివి ఖర్చు తక్కువైనా, రోగనిరోధక కణంపై పడే భారాన్ని నేరుగా తగ్గిస్తాయి.

రోగనిరోధక కణం తనను తాను గాయపరచుకుంటూ పోరాడుతుంది, ఆ గాయాన్ని సరిచేసుకుంటూనే ఇతర కణాలకు కబురు పంపుతుంది. ఆ రెండు పనుల మధ్య సమతూకాన్ని నిలపడమే పోషణ, యాజమాన్యం చేయవలసిన పని. దేశీయ, సంకరజాతి ఆవులలోనూ, గేదెలలోనూ ఈ సమతూకం ఋతువును బట్టి, మేతను బట్టి, ఈతను బట్టి ఎలా మారుతున్నదో స్థానికంగా కొలిచి చూడగలిగితే, మోతాదుల సిఫారసులను పరాయి దేశపు మందల ఆధారంగా కాక మన పశువుల ఆధారంగా రూపొందించుకోవడం సాధ్యమవుతుంది.